పన్ను బకాయికి పోయిన ఇళ్లు: వేలం ఉండగా ల్యాండ్ బ్యాంకు చట్టం ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మిషిగన్‌లో నోవై దగ్గర ఉద్యోగం చేస్తున్నారు. ఫ్లింట్ నగరంలో ఇంటి పన్ను కట్టనందుకు జప్తయిన ఇళ్లు కౌంటీ (మన జిల్లా లాంటిది) వేలంలో మూడు, నాలుగు వేల డాలర్లకే దొరుకుతున్నాయని విన్నారు. తోటి ఉద్యోగి ఒకరు వేలం వద్దని, ల్యాండ్ బ్యాంకు దగ్గర కొనమని చెప్పారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి, వేలం ఉండగా ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేసి మరీ పాడుబడ్డ ఇళ్లను తన దగ్గర ఎందుకు పెట్టుకుంటోంది, ఇది పేదల ఇళ్లు లాక్కునే ఏర్పాటు కాదా అన్నవి మీ మూడు సందేహాలు.

నేను పదిహేడేళ్లుగా మిషిగన్, ఒహాయో రాష్ట్రాల్లో టైటిల్ పరిశీలకుడిగా పనిచేస్తున్నాను. ఇల్లు చేతులు మారేముందు పాత దస్తావేజులన్నీ తిరగేసి, దాని మీద ఎవరెవరికి ఏ హక్కు మిగిలి ఉందో తేల్చడం నా పని. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి న్యాయవాది చెప్పే అభిప్రాయం లాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ అభిప్రాయం మీద ఆధారపడి బీమా కంపెనీ పూచీ ఇస్తుంది. పన్ను జప్తు ఇళ్ల ఫైళ్లు వందల సంఖ్యలో నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సూటి జవాబు: ఆ ఇంట్లో మీరే ఉండాలనో, దగ్గరుండి బాగుచేయించాలనో అనుకుంటే ల్యాండ్ బ్యాంకు దగ్గర కొనండి. ఫొటో చూసి వేలంలో కొనవద్దు. వేలంలో వచ్చేది ఇల్లు మాత్రమే. ల్యాండ్ బ్యాంకు దగ్గర ఇంటితోపాటు చిక్కులు తీసిన హక్కు కూడా వస్తుంది. ఈ చట్టాల అసలు ప్రయోజనం భూమిని పోగుచేయడంలో లేదు, పాడైపోయిన హక్కును బాగుచేయడంలో ఉంది. పేదల ఇళ్లు లాక్కుంటున్నారా అన్న మూడో ప్రశ్నకు జవాబు మాత్రం ల్యాండ్ బ్యాంకు చట్టంలో దొరకదు. దానికి ముందున్న పన్ను జప్తు చట్టంలో వెతకాలి. ఆ జప్తు న్యాయంగా జరిగితే ల్యాండ్ బ్యాంకు ఊరికి మేలు చేస్తుంది. అన్యాయంగా జరిగితే ఆ అన్యాయానికి గిడ్డంగి అవుతుంది.

ముందుగా పేరు గురించి ఒక మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ల్యాండ్ బ్యాంకు అంటే పరిశ్రమలకు ఇవ్వడానికి ప్రభుత్వం ముందే సేకరించి పెట్టుకున్న భూమి. ఇక్కడ సంగతి దాదాపు తలకిందులు. మార్కెట్ వద్దనుకున్న ఆస్తి, పన్ను ఎగ్గొట్టి వదిలేసిన ఇల్లు, ఇల్లు కూలిపోయి మిగిలిన ఖాళీ జాగా ఇందులో చేరతాయి. డిపాజిట్లు, అప్పులు లాంటివేవీ ఉండవు. రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన ఒక ప్రభుత్వ సంస్థ అని అనుకోండి, చాలు.

ఇక అసలు విషయం. ఫ్లింట్ జనాభా 1960లో సుమారు 1,97,000. 2020 జనగణనలో 81,000 చిల్లర. జనరల్ మోటార్స్ ఉద్యోగాలు పోవడంతో మనుషులు వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలిపోయాయి. ఇద్దరు మనుషులున్న ఊళ్లో ఐదిళ్లుంటే మూడిళ్లకు ధర ఉండదు. ధర లేని ఇంటికి పన్ను కట్టేవాడూ ఉండడు.

అప్పట్లో మిషిగన్ పన్ను చట్టం 1893 నాటిది. పన్ను కట్టకపోతే కౌంటీ ఇంటిని అమ్మేది కాదు, బకాయిని వసూలు చేసుకునే హక్కును అమ్మేది. ప్రైవేటు పెట్టుబడిదారు ఆ బకాయి కట్టేసి, యజమాని దగ్గర వడ్డీతో రాబట్టుకునేవాడు. మంచి ఇళ్ల బకాయిలను ఇలాంటివారు ఏరుకునేవారు. ఎవరూ ముట్టుకోనివి తిరిగి తిరిగి చివరకు రాష్ట్రం నెత్తిన పడేవి. ఈ తతంగం ముగిసేసరికి ఐదేళ్లు, ఆరేళ్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే పట్టేది. ఆ ఏళ్లన్నీ ఇల్లు ఎవరిది? కాగితం మీద పాత యజమానిది, ఆయన ఎప్పుడో ఊరు వదిలేశాడు. బకాయి కొన్నవాడికి వడ్డీ కావాలి, ఇల్లు అక్కర్లేదు. ఇంట్లో వేడి లేకుండా మిషిగన్ చలికాలం ఒక్కటి గడిస్తే చాలు, నీటి గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి. రెండో ఏటికి దొంగలు రాగి తీగలు పీక్కుపోతారు. మూడో ఏటికి పైకప్పు దిగుతుంది. చట్టం తీరిగ్గా నడుస్తుండగా ఇల్లు చచ్చిపోయేది.

ఇల్లు ఎలాగో నిలబడినా హక్కు చచ్చిపోయేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక ఫైలు ఇప్పటికీ గుర్తుంది. పాత పద్ధతి కాలంలో ఒకే ఇంటి బకాయిని వేర్వేరు సంవత్సరాల్లో ముగ్గురు కొన్నారు. అసలు యజమాని మరణించాడు, వారసులు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. మూతపడిన ఒక పొదుపు బ్యాంకు పేరిట తాకట్టు అలాగే ఉంది, దానికి నోటీసు ఇచ్చినట్టు ఎక్కడా రుజువు లేదు. ఇవేవీ తెలియక ఒక యువ జంట ఆ ఇల్లు కొని, దాచుకున్న డబ్బంతా మరమ్మతులకు పెట్టింది. అమ్మబోయేనాడు ఒక్క టైటిల్ కంపెనీ కూడా పూచీ ఇవ్వలేదు. పూచీ లేకపోతే కొనేవాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు. వాళ్లు కోర్టుకు వెళ్లి, మన దగ్గర డిక్లరేషన్ సూట్ అంటామే, అలాంటి దావా వేసి హక్కు తేల్చుకోవాల్సి వచ్చింది. అది తేలేసరికి ఆ అమ్మాయి ఉద్యోగం వేరే ఊరికి మారిపోయింది. తప్పు ఆ జంటది కాదు. నోటీసు సరిగా ఇవ్వని చట్టానిది.

దీన్ని మార్చినది 1999లో వచ్చిన పబ్లిక్ యాక్ట్ 123. బకాయిని ప్రైవేటువారికి అమ్మే పద్ధతిని అది తీసేసింది. ఒక కాలపట్టిక పెట్టింది: మార్చి 1 నాటికి కట్టని పన్ను కౌంటీ ట్రెజరర్ (ఖజానా అధికారి) చేతికి వెళ్తుంది, నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. మరుసటి ఏడాది మార్చి 1 దాటితే ఆస్తి మీద రికార్డు పడుతుంది, వడ్డీ నెలకు 1.5 శాతానికి పెరుగుతుంది. ఆ తరువాతి సంవత్సరం కోర్టు తీర్పు, విడిపించుకోవడానికి మార్చి 31 ఆఖరు గడువు. అది దాటితే ఇల్లు పూర్తిగా ప్రభుత్వానిది. అంటే ఆరేళ్ల పని రెండేళ్ల చిల్లరకు తగ్గింది. అంతకన్నా ముఖ్యం, ఆస్తి మీద హక్కున్న ప్రతి ఒక్కరికీ, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుతో సహా, రిజిస్టర్డ్ ఉత్తరం పంపాలి, మనిషి ఆ ఇంటికి స్వయంగా వెళ్లాలి, పత్రికలో ప్రకటన వేయాలి, కోర్టు విచారణ జరగాలి. ఇవి జరిగాక వచ్చిన తీర్పుతో దాదాపు పాత భారాలన్నీ రాలిపోతాయి.

ఈ చట్టం వచ్చాకే, ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీ ట్రెజరర్ డాన్ కిల్డీ 2002లో అక్కడ జప్తు ఇళ్లను వేలంలో వదిలేయకుండా ఒక సంస్థ కింద పెట్టుకోవడం మొదలుపెట్టారు. 2003లో పబ్లిక్ యాక్ట్ 258 వచ్చింది. అదే మిషిగన్ ల్యాండ్ బ్యాంకు చట్టం. గవర్నర్ జెనిఫర్ గ్రాన్‌హోమ్ సంతకంతో 2004 మొదట్లో అమల్లోకి వచ్చింది. ఈ వరసను గమనించండి. ముందు జప్తు చట్టం బాగుపడింది, తరువాతే ల్యాండ్ బ్యాంకు వచ్చింది. వరస తప్పిన చోట్ల ఏమైందో కింద రాస్తాను.

మరి వేలం ఎందుకు సరిపోదు? వేలం అడిగేది ఒక్కటే, ఎవరు ఎక్కువ పాడతారని. ఆ ఇంటితో ఏం చేస్తావని అడగదు. మొదటి వేలంలో కనీస ధర పన్ను, వడ్డీ, ఖర్చుల మొత్తం. అక్కడ పోనివి రెండో వేలంలో నామమాత్రపు ధరకు వెళ్తాయి. డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీలో ఏళ్ల తరబడి రెండో పాట 500 డాలర్లతో మొదలయ్యేది. అంత తక్కువకు వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఇరవై, ముప్పై ఇళ్లు కొంటారు. పన్ను కట్టరు, మరమ్మతు చేయరు. ఉన్నంతకాలం అద్దె పిండుకుంటారు, మూడేళ్లకు అదే ఇల్లు అదే బకాయితో మళ్లీ జప్తుకు వస్తుంది. ఒకే పార్సిల్ (అంటే ఒక స్థలం) నంబరు మూడుసార్లు నా బల్ల మీదకు రావడం నేను చూశాను. వచ్చిన ప్రతిసారీ ఇంటి ఫొటోలో ఒక కిటికీ తగ్గింది.

ల్యాండ్ బ్యాంకు చట్టం ఇచ్చే అధికారాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, ఎక్కువ ధర పాడినవాడికే అమ్మాలన్న నిబంధన నుంచి విముక్తి. పక్కింటివాళ్లకు ఖాళీ జాగా చవగ్గా ఇవ్వవచ్చు. ఇంట్లో ఉండి బాగుచేసుకుంటానన్నవారికి, ఆరు నెలల్లో చేయకపోతే తిరిగి తీసుకుంటామన్న షరతుతో ఇవ్వవచ్చు. డెట్రాయిట్‌లో అదే చేస్తున్నారు. ధర వచ్చేదాకా ఆగవచ్చు కూడా. ల్యాండ్ బ్యాంకు చేతిలో ఉన్నన్నాళ్లు ఆస్తికి పన్ను ఉండదు కాబట్టి తొందరపడి అమ్మాల్సిన అవసరం లేదు. ఫ్లింట్ నడిబొడ్డున డ్యురాంట్ హోటల్ 1973లో మూతపడింది. ముప్పై ఏళ్లకు పైగా ఖాళీగా నిలబడింది. ల్యాండ్ బ్యాంకు దాన్ని తీసుకుని, భాగస్వాములను వెతికి, 2010లో అపార్ట్‌మెంట్లుగా తెరిపించింది. ఏ వేలమూ ఆ పని చేసి ఉండేది కాదు.

పక్కింటి జాగా సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా మనసుకు అదే దగ్గర. ఫ్లింట్‌లో ఒక పెద్దాయన తన ఇంటి పక్క ఖాళీ జాగాలో పదకొండేళ్లు గడ్డి కోశాడు. అది తనది కాదు. ఊరుకుంటే పాములు, చెత్త, రాత్రుళ్లు ఎవరో వచ్చి ఆపే కార్లు. ల్యాండ్ బ్యాంకు దాన్ని ఆయనకు రాసిచ్చినప్పుడు ఆ దస్తావేజు నేనే చూశాను. ఇప్పుడక్కడ టమాటాలు, ఆకుకూరలు పండుతున్నాయి, ఏటా పన్ను కూడా కడుతున్నాడు. ఆ వీధిలోనే ఇంకో జాగా అంతకుముందే వేలంలో పోయింది. కొన్నాయన ఉండేది వేరే రాష్ట్రం, ఒక్కసారి కూడా రాలేదు. అది మళ్లీ జప్తుకు వచ్చింది. డెట్రాయిట్‌లో పక్కింటివాళ్లకు ఇలాంటి జాగాలను చాలా ఏళ్లు 100 డాలర్లకే ఇచ్చారు.

రెండో అధికారం హక్కును శుభ్రం చేయడం. మిషిగన్‌లో ల్యాండ్ బ్యాంకు తన చేతిలోని ఎన్నో పార్సిళ్లను ఒకే దావాలో చేర్చి, త్వరితగతిన విచారించే పద్ధతిలో కోర్టు నుంచి హక్కు తీర్పు తెచ్చుకోవచ్చు. ప్రైవేటు మనిషి ఒక్క ఇంటికి పెట్టే ఖర్చుతో వాళ్లు ఎన్నో ఇళ్లకు పని పూర్తిచేస్తారు. వేలంలో కొన్న మీకు ట్రెజరర్ ఇచ్చేది క్విట్‌క్లెయిమ్ దస్తావేజు. అంటే నాకున్న హక్కు ఏదైనా ఉంటే అది నీకు ఇచ్చేశాను, పూచీ మాత్రం లేదు అని అర్థం. చట్టప్రకారం తీర్పు గట్టిదే అయినా, ఎవరికో నోటీసు అందలేదన్న వాదన తరువాత లేస్తుందేమోనని టైటిల్ కంపెనీలు వెనకాడతాయి. నేనే ఎన్నోసార్లు హక్కు తీర్పు తెమ్మని రాసి పంపాను.

మూడోది డబ్బు. ఇక్కడే చాలా చట్టాలు చతికిలపడ్డాయి. అమెరికాలో మొదటి ల్యాండ్ బ్యాంకు 1971 నాటి మిస్సోరీ చట్టంతో సెయింట్ లూయిస్‌లో ఏర్పడింది. ఆ తరానికి చెందిన చట్టాలు వేలంలో ఎవరూ కొననివి తెచ్చి సంస్థకు అప్పగించాయి కానీ వాటిని చూసుకోవడానికి స్థిరమైన ఆదాయం చూపలేదు. గడ్డి కోయడానికీ, కిటికీలకు చెక్కలు కొట్టడానికీ, కూల్చడానికీ డబ్బు కావాలి కదా. దశాబ్దాలు గడిచినా సెయింట్ లూయిస్ సంస్థ చేతిలో వేల పార్సిళ్లు అలాగే ఉన్నాయి. మిషిగన్ దీనికి ఒక దారి కనిపెట్టింది. ల్యాండ్ బ్యాంకు అమ్మిన ఆస్తి మీద మొదటి ఐదేళ్ల పన్నులో సగం ల్యాండ్ బ్యాంకుకే వెళ్తుంది. ఒహాయోలో, క్లీవ్‌లండ్ ఉన్న కుయహోగా కౌంటీకి 2009లో ట్రెజరర్ జిమ్ రొకాకిస్ చొరవతో వచ్చిన ల్యాండ్ బ్యాంకుకు, ఆలస్యంగా కట్టిన పన్నులపై వచ్చే జరిమానా, వడ్డీల నుంచి వాటా ఇచ్చారు. అది ఏడాదికి సుమారు 70 లక్షల డాలర్ల స్థిర ఆదాయం. అంత బలం ఉండబట్టే అది బ్యాంకుల నుంచి ఇంటి అప్పులు కొనే ఫ్యానీ మే లాంటి పెద్ద సంస్థతో సమానంగా కూర్చుని బేరమాడగలిగింది. అప్పు కట్టలేక పోయిన తక్కువ విలువ ఇళ్లను ఫ్యానీ మే ఒక్క డాలరుకే ఇచ్చి, కూల్చివేత ఖర్చులో కొంత భరించడానికి కూడా ఒప్పుకుంది. కుయహోగా అనుభవం చూసి 2010లో ఒహాయో ఇతర కౌంటీలకూ ఆ చట్టాన్ని విస్తరించింది. న్యూయార్క్ 2011లో, పెన్సిల్వేనియా 2012లో తమ చట్టాలు తెచ్చుకున్నాయి.

చట్టం మంచిదైనా ఊరి రాజకీయం దాన్ని బిగించగలదు. ఫిలడెల్ఫియా 2013 చివర్లో ల్యాండ్ బ్యాంకు పెట్టుకుంది. కానీ అక్కడ ఏ జాగా అమ్మాలన్నా ఆ ప్రాంత నగర మండలి సభ్యుడి ఆమోదం కావాలి. వేగం కోసం పెట్టిన సంస్థ ఆ గడప దగ్గరే ఆగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. దీనికి నేను సులువైన జవాబు చెప్పలేను. ఎందుకంటే ఇందులో నేను మెచ్చుకునే చట్టం చేసిన తప్పు కూడా ఉంది.

పైన చెప్పిన 1999 చట్టం ప్రకారం, ఇల్లు వేలంలో బకాయికన్నా ఎంత ఎక్కువకు పోయినా ఆ మిగులంతా అప్పట్లో కౌంటీకే పోయేది. పాత యజమానికి ఒక్క సెంటు కూడా వచ్చేది కాదు. జెనెసీ కౌంటీ నమూనా ఆర్థికంగా నిలబడింది కొంతవరకు దీని మీదే. శివార్లలోని మంచి ఆస్తులు అమ్మగా వచ్చిన మిగులుతో ఫ్లింట్‌లో పాడిళ్లు కూల్చారు. చాలాకాలం నాకూ అది తెలివైన పద్ధతిగానే కనిపించింది. ఆ మిగులు ఎవరి జేబులోంచి వచ్చిందన్న ప్రశ్న నేను వేసుకోలేదు.

ఆ ప్రశ్న మీ నోవై ఉన్న ఓక్లండ్ కౌంటీలోనే లేచింది. సౌత్‌ఫీల్డ్‌లో యూరి రఫేలీకి చెందిన అద్దె ఇంటి పన్నులో 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ పడ్డాయి. వడ్డీ, ఖర్చులతో అది 285 డాలర్ల 81 సెంట్లు అయింది. కౌంటీ ఆ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి మొత్తం తనే ఉంచుకుంది. 2020 జులై 17న మిషిగన్ సుప్రీంకోర్టు ఇది చెల్లదని తీర్పు చెప్పింది. బకాయి వసూలు చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది, మిగులు మాత్రం యజమానిదే అంది. 2023 మే 25న దేశ సుప్రీంకోర్టు మినెసోటా కేసులో ఏకగ్రీవంగా అదే మాట చెప్పింది. జెరల్డీన్ టైలర్ అనే 94 ఏళ్ల వృద్ధురాలి అపార్ట్‌మెంట్ మీద వడ్డీ, జరిమానాలతో కలిపి 15,000 డాలర్ల బకాయి ఉంటే, హెన్నెపిన్ కౌంటీ దాన్ని 40,000కు అమ్మి మిగిలిన 25,000 తన దగ్గరే ఉంచుకుంది. పరిహారం లేకుండా ప్రజల ఆస్తి తీసుకోరాదన్న రాజ్యాంగ నిబంధనకు ఇది విరుద్ధమని కోర్టు తేల్చింది.

ఈ తీర్పులతో ల్యాండ్ బ్యాంకుల ఆదాయం దెబ్బతిన్నది. జప్తు ఇంటిని అమ్మకం లేకుండా నేరుగా ల్యాండ్ బ్యాంకుకు బదిలీ చేసే పద్ధతి మీద పలు రాష్ట్రాల్లో వ్యాజ్యాలు లేచాయి. ఆ సంస్థల్లో పనిచేసే మిత్రులు నాతో చాలాసార్లు వాదించారు. నా అభిప్రాయం మారలేదు. పాడిల్లు కూల్చే ఖర్చు ఊరందరిదీ కావాలి. అది ఒక వృద్ధురాలి ఇంటి విలువలోంచి రాకూడదు.

ఇంకో సంగతి. ఇక్కడ ఇంటి అప్పు ఉన్నవారికి పన్ను సాధారణంగా బ్యాంకే కట్టేస్తుంది, నెల వాయిదాలోనే దాన్ని కలుపుకుంటుంది. కాబట్టి పన్ను జప్తులో ఇల్లు పోగొట్టుకునేది ఎక్కువగా అప్పు తీరిపోయినవారు, అమ్మానాన్నల ఇంట్లో ఉంటున్నవారు. మన ఊళ్లలో పట్టా తాత పేరు మీదే ఉండిపోయినట్టు ఇక్కడా ఎన్నో ఇళ్లు చనిపోయినవారి పేరు మీదే ఉంటాయి. నోటీసు చనిపోయిన మనిషి పేరుకు వస్తుంది, ఇంట్లో ఉన్న మనవరాలు అది తనకు కాదనుకుని పక్కన పెడుతుంది. ఇలాంటి ఫైలు తెరిచిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

డెట్రాయిట్ కథ ఇంకా బరువైనది. మిషిగన్ రాజ్యాంగం ప్రకారం పన్ను లెక్కకు ఇంటి మదింపు మార్కెట్ విలువలో సగానికి మించకూడదు. 2008 తరువాత ధరలు కుప్పకూలినా నగరం మదింపులు ఆ స్థాయికి దించలేదు. ఊరంతటి మదింపును కొత్తగా చేసి అమల్లోకి తెచ్చింది 2017లో. ఈలోపు వేలాది కుటుంబాలు తాము నిజానికి బాకీలేని పన్నుకు ఇళ్లు పోగొట్టుకున్నాయి. పేదరికం వల్ల పన్ను మినహాయింపుకు అర్హత ఉన్నా ఆ సంగతే తెలియనివారు ఎంతోమంది. డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకు చేతికి ఒక దశలో దాదాపు లక్ష పార్సిళ్లు వచ్చాయి. వాటిలో మనుషులు ఉంటున్న ఇళ్లూ ఉన్నాయి. ఉంటున్నవారికే 1,000 డాలర్లకు తిరిగి రాసిచ్చే పథకం తరువాత పెట్టారు. మంచి పథకమే, కానీ అసలు పోకూడని ఇల్లు పోయాక వచ్చింది. వరస తప్పితే ఏమవుతుందో చెబుతానన్నది దీని గురించే. మదింపు తప్పు, మినహాయింపు అందలేదు, జప్తు మాత్రం గడియారంలా నడిచింది. ఇలాంటి చోట ఎంత గొప్ప ల్యాండ్ బ్యాంకు చట్టమైనా జరిగిపోయిన నష్టాన్ని పంచడం తప్ప ఏమీ చేయలేదు.

కాబట్టి ఏ రాష్ట్రమైనా కొత్తగా ఇలాంటి చట్టం తేవాలనుకుంటే నేను మొదట చూసేది అందులోని ల్యాండ్ బ్యాంకు అధ్యాయం కాదు. వాయిదాలకు అవకాశం ఉందా, మినహాయింపు గురించి గడప దగ్గరకు వచ్చి చెబుతున్నారా, మిగులు యజమానికి ఎలా చేరుతుంది అన్నవి చూస్తాను. ఆ తరువాతే మిగతావి.

మీ కొనుగోలుకు వస్తే, వేలంలోనైనా ల్యాండ్ బ్యాంకులోనైనా కొన్ని పనులు తప్పవు. ఇంట్లో మనుషులు ఉన్నారేమో వెళ్లి చూడండి. మన తెలుగు దంపతులు ఒకరు ఫొటో చూసి వేలంలో ఇల్లు కొన్నారు. వెళ్లి చూస్తే లోపల ఒక ముసలావిడ, ఇద్దరు మనవలు ఉన్నారు. వాయిదాల ఒప్పందం మీద ఆ ఇల్లు కొనుక్కుంటున్నానని ఆవిడ నమ్మకం. నెలనెలా డబ్బు తీసుకున్న మనిషి పన్ను కట్టలేదు, ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. చట్టం మన దంపతుల పక్షాన ఉంది. వాళ్లు నాకు ఫోన్ చేసి అడిగింది ఆవిడను ఖాళీ చేయించడం ఎలాగని కాదు, ఆవిడకు ఇల్లు నిలిపే దారి ఏదైనా ఉందా అని. చివరకు తమకు పడిన ఖర్చు మాత్రం తీసుకుని ఆవిడ పేరిటే రాసిచ్చారు. అందరికీ అది సాధ్యం కాదు, నేను ఒప్పుకుంటాను. అందుకే ముందే వెళ్లి చూడమంటున్నాను.

తరువాత నగరం కూల్చివేత జాబితాలో ఆ ఇల్లు ఉందేమో అడగండి. నీటి సరఫరా తిరిగి ఇప్పించడానికి ఎంతవుతుందో కనుక్కోండి. ఫ్లింట్‌లో ఇంటి ధరకన్నా పైకప్పు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్, గొట్టాల ఖర్చే ఎక్కువ. ల్యాండ్ బ్యాంకు దగ్గరైతే హక్కు తీర్పు వచ్చేసిందా, ఇంకా దావాలోనే ఉందా అని రాతపూర్వకంగా అడగండి. మరమ్మతు గడువు షరతులను సంతకానికి ముందే చదవండి, గడువు దాటితే ఇల్లు వెనక్కి తీసుకోగలరు.

మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం ఒకటుంది, ఎందుకంటే ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా పనికిరావచ్చు. మిషిగన్‌లో ఎవరి ఇల్లైనా పన్ను జప్తులో పోతే, అమ్మకంలో మిగులు కోసం ఫారం 5743 నింపి, నోటరీ చేయించి, జప్తు జరిగిన ఏడాదే జులై 1లోగా ట్రెజరర్‌కు అందించాలి. అమ్మకం జరగకముందే, మిగులు వస్తుందో రాదో తెలియకముందే ఇది ఇవ్వాలి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1 నుంచి మే 15లోగా కోర్టులో దరఖాస్తు వేయాలి. అమ్మిన ధరలో 5 శాతం కౌంటీ పట్టుకుంటుంది. ఈ ఫారం ఇచ్చిన ఇంటిని నగరమో కౌంటీయో వేలానికి ముందే తీసుకోవాలనుకుంటే బకాయి మొత్తానికి కాక, మార్కెట్ విలువ ఎక్కువైతే ఆ విలువ చెల్లించాలి. ఆ ఒక్క కాగితం ఇవ్వనందుకు హక్కు ఉండీ డబ్బు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. మీ కార్యాలయంలోనో, గుడిలోనో, పక్క వీధిలోనో ఎవరైనా ఈ చిక్కులో ఉంటే ముందు వాళ్లకు జులై 1 అన్న తేదీ చెప్పండి. ఇంకా మార్చి 31 గడువు దాటనివారైతే ట్రెజరర్ కార్యాలయానికి వెళ్లి వాయిదాల పద్ధతి, కష్టకాలపు గడువు పొడిగింపు గురించి అడగమనండి. సొంత ఇంట్లో ఉంటున్నవారికి ఆ రెండూ ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉంది.